సాక్షి చేతిలో లేని రుమాలు

జూన్ 12, గురువారం

నువ్వే. ఇంకెవర్నో కాదు, నిన్నే అంటున్నాను. పేపర్లో ‘నేరం రుజువైంది’ అని నాలుగు లైన్లు చదివి, ‘కోర్టే చెప్పిందిగా’ అనుకుని పేజీ తిప్పేసింది నువ్వే. ఎప్పుడు రుజువైంది, ఎలా రుజువైంది, అవతలివాడి మాట ఎవరైనా విన్నారా అని ఒక్కసారైనా అడిగావా? అడగవు. మంత్రిని తిడతావు, డాక్టర్ని తిడతావు, బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే కండక్టర్ వంశాన్నంతా తిడతావు. జడ్జి దగ్గరికొచ్చేసరికి నోటికి తాళం. ఆ తాళం నీకెవరూ వెయ్యలేదు. నువ్వే వేసుకుని తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టి దణ్ణం పెట్టావు.

ఎవర్ని తిడుతున్నాన్నేను? ఈ పుస్తకం ఎవరూ చదవరు. ఒకప్పుడు యూనియన్ కరపత్రాలు రాసిన చెయ్యి కదా, ఎదురుగా జనం లేకపోయినా ఉన్నట్టే రాసేస్తుంది. గదిలో ఉన్నది నేనూ, ఫ్యానూ.

సరే. జరిగింది రాయాలి.

ఇవాళ లిఫ్టు కేసులో ఆఖరి సాక్షి వచ్చింది. ఆరంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు తీగ తెగి పడి ఒకాయన చనిపోయాడు. తీగ అరిగిపోయినా పట్టించుకోలేదని మెకానిక్ మీద కేసు. అతను మొదట్నుంచీ ఒకే మాట మీద ఉన్నాడు: కొత్త తీగ కావాలని మూడుసార్లు చీటీ రాసిచ్చాను, తెప్పించలేదు. ఆ చీటీలు ఇప్పుడు ఎక్కడా లేవు. కానీ వాటిని చేత్తో పుచ్చుకున్న మనిషి ఉంది. ఆ భవనం స్టోర్ కీపరమ్మ. అరవై దాటినావిడ, రిటైరైపోయింది. బోనులోకి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ ఉంటే ఇవ్వమని అడిగింది. ఇవ్వలేదు. ‘సరే, నిలబడే చెప్తాను’ అంది.

"ముద్దాయి మీకు బాగా కావలసినవాడు కదా?" అన్నాడు ప్రాసిక్యూటర్.

"నాకు కావలసింది తీగ బాబూ. మూడుసార్లు అడిగినా రాలేదు."

వెనక బెంచీల్లో నవ్వారు. జడ్జిగారు తలెత్తలేదు.

"ఆ చీటీలు ఏం చేశారు?"

"రెండు పై ఆఫీసుకి పంపాను. మూడోది నేనే మెట్లెక్కి వెళ్ళి మేనేజర్ బల్ల మీద పెట్టాను. ఇంకో ఆర్నెల్లు లాగించమన్నాడు."

"తేదీ గుర్తుందా?"

"ఎందుకుండదు? నా రిటైర్మెంటు కాగితం కూడా ఆ రోజు అదే బల్ల మీద ఉంది. దానిమీద మాత్రం టక్కున సంతకం పెట్టాడు."

గంటన్నర నిలబడింది. ఒక్కసారి తడబడలేదు. ముద్దాయి వైపు చూడలేదు. జడ్జిగారి స్టెనోని కదా, నేను టైపు చేస్తూనే ఆవిడ చేతుల వైపు చూస్తూ ఉన్నాను. రుమాలు కోసం. రెండు చేతులూ బోను కమ్మీ మీద ఉన్నాయి. రుమాలు లేదు. సంచీ కూడా లేదు.

ఎందుకు వెతికానంటే, తీర్పు అప్పటికే నా దగ్గర ఉంది. జూన్ 3, మంగళవారం, సాయంత్రం నాలుగుంపావుకి జడ్జిగారు చాంబర్లో బూట్లు విప్పేసి అటూ ఇటూ నడుస్తూ చెప్పారు. నేను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాను. మర్నాడు టైపు చేశాను. పద్నాలుగో పేరా:

‘డిఫెన్సు తరఫు సాక్షిని ఈ కోర్టు నిశితంగా పరిశీలించింది. అడిగిన ప్రశ్నలకు ఆమె తడబడింది. ముద్దాయి వైపు చూస్తూ జవాబులు చెప్పింది. చేతిరుమాలుతో పదేపదే ముఖం తుడుచుకుంది. ఆమె సాక్ష్యం నమ్మదగినది కాదు.’

తొమ్మిది రోజుల ముందు. ఆవిడ ముఖం ఈ కోర్టు ఇంకా చూడనే లేదు.

జూన్ 13

డ్రాఫ్టు అది. డ్రాఫ్టంటే మార్చుకోవడానికే.

మా బెంచి క్లర్కు కూడా అదే అన్నాడు. ఆయన్ని అందరం క్యాలెండర్ అంటాం. ఏ కేసు ఏ తేదీకి వాయిదా పడిందో పుస్తకం చూడకుండా చెప్తాడు.

"ముందే రాసి పెట్టుకోకపోతే ఎలా కుదురుతుందమ్మా? నెలకిన్ని కేసులు తేల్చాలని పైవాళ్ళు మెడమీద కూర్చుంటారు. సాక్షి కొత్త సంగతి చెప్తే మార్చరా ఏంటి? మారుస్తారు."

"మార్చింది నువ్వెప్పుడైనా చూశావా?"

"ఆ ఫ్యాను కొంచెం పెంచమ్మా, ఉక్కగా ఉంది."

మారుస్తారు. ఆవిడ అంత చక్కగా చెప్పాక మార్చకుండా ఎలా ఉంటారు?

జూన్ 15, ఆదివారం

అక్కయ్య ఫోన్. మోకాలు ఎలా ఉందంది. ఉందన్నాను. మాట్లాడ్డానికి మనిషంటూ ఉన్నారా అక్కడ అంది. బోలెడు మంది అన్నాను. నిజమే. రోజుకి వందమంది మాట్లాడతారు, నేను టైపు చేస్తాను.

విడాకులై పద్దెనిమిదేళ్ళు. నాకేం లోటు లేదు. చదువుకోవడానికి అలమర నిండా పుస్తకాలున్నాయి. పొద్దున పదింటికి ఒకటి తీశాను. మూడింటికి చూసుకుంటే అదే పేజీ.

అక్కయ్యకి ఈ సంగతి చెప్పలేదు. చెప్పడానికేముంది, డ్రాఫ్టే కదా.

జూన్ 20

ఫైలు ఇంకా పిలవలేదు. మార్చడానికి టైము తీసుకుంటున్నారు. మంచిదే.

జూన్ 25

పిలవలేదు.

జూన్ 27, శుక్రవారం

పది దాటిన పది నిమిషాలకు పిలిచారు. రెండు మార్పులు చెప్పారు. చివర ఖాళీగా వదిలిన తేదీ నింపమన్నారు. మూడో పేజీలో ‘ముద్దాయి’ ముందు ‘సదరు’ చేర్చమన్నారు.

ఇంకేమైనా ఉన్నాయా సార్ అన్నాను. లేవన్నారు.

పదకొండుకి చదివారు. అయిదేళ్ళు. మెకానిక్‌కి అర్థం కాలేదు. "మరి ఆవిడ చెప్పింది కదండీ..." అన్నాడు. ఎవర్నీ ఉద్దేశించి కాదు, గాల్లోకి అన్నట్టు. కానిస్టేబుల్ మోచెయ్యి పట్టుకుని ‘పద నాన్నా పద’ అన్నాడు. బెంచీ మీద కూర్చున్న అతని భార్య లేవలేదు. ఇంకా ఏదో చదువుతారని ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. తర్వాతి కేసు పిలిచేశారు.

మార్పులు చేసి సేవ్ కొట్టింది నేనే. కంప్యూటర్లో ఫైలు తేదీ మారిపోయింది. ఇప్పుడు ఆ తీర్పు పుట్టింది ఇవాళే.

జూన్ 28

వాదిద్దాం. నాకు వచ్చింది అదొక్కటే కదా.

మెకానిక్‌ని ఎందుకు జైలుకి పంపారు? లాగ్ పుస్తకంలో తీగ సంగతి రాయలేదని. పదకొండో పేరా: ‘ఏ రోజు ఏ పని చేశాడో నమోదు చేయడం అతని కనీస బాధ్యత.’ బాగుంది, నాకూ ఇష్టమే ఆ వాక్యం. ఆరుగురు ఎక్కే డబ్బాకి కాపలా ఉండేవాడు ఏ రోజు ఏ బోల్టు బిగించాడో రాసి తీరాలి. మరి మనిషి అయిదేళ్ళ బతుకు చేతిలో పెట్టుకున్నవాడు ఏ రోజు ఏ నిర్ణయానికొచ్చాడో ఎక్కడ రాస్తున్నాడు? ఆయన లాగ్ పుస్తకమేది? దాన్ని తనిఖీ చేసేదెవరు?

అప్పీలు ఉంది కదా అంటావు. అప్పీలు తీర్పు మీద. తీర్పు రాసినవాడి మీద కాదు. జడ్జికి స్వేచ్ఛ ఉండాలి అంటావు. ఉండాలి! మంత్రి నుంచి, డబ్బున్నవాడి నుంచి, ఫోన్ చేసి చెప్పేవాడి నుంచి స్వేచ్ఛ ఉండాలి. ఆ మాట కోసం నేనే గేటు దగ్గర నినాదాలిచ్చాను. సాక్షి నుంచి కూడా స్వేచ్ఛ కావాలంటే ఎలా? చెవులు మూసుకునే స్వేచ్ఛ ఏ పుస్తకంలో రాసుంది?

పైగా ఈయన లంచం తినేవాడు కాదు. అదే నా గొడవ. తినేవాడైతే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఈయన మంచాయన. పోయినేడు నేను ఆస్పత్రిలో ఉంటే మనిషిని పంపి కనుక్కున్నారు. అబద్ధం రాశానని ఆయన అనుకోవడం లేదు. సాక్షులెలా ఉంటారో తనకు తెలుసనుకుంటున్నారు. ముందే తెలిసినవాడికి వినే పనేముంది?

ఇదంతా రెండుసార్లు చదువుకున్నాను. బాగా వచ్చింది.

మెకానిక్‌కి దీనివల్ల ఒరిగిందేం లేదు.

జూన్ 30, సోమవారం

చాంబర్లోకి వెళ్ళాను. వెళ్ళేముందు బాత్రూంలో రెండుసార్లు అప్పజెప్పుకున్నాను.

"సార్, లిఫ్టు కేసు తీర్పులో పద్నాలుగో పేరా..."

"టైపు తప్పేమైనా పడిందా?"

"లేదు సార్. అందులో రుమాలు అని ఉంది. ఆవిడ దగ్గర రుమాలు లేదు సార్."

కళ్ళజోడు తీశారు. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"ఎన్నేళ్ళమ్మా మీ సర్వీసు?"

"ఇరవై ఆరు సార్."

"నాది ఇరవై రెండు. ముద్దాయి తరఫున వచ్చే సాక్షి ఎలా నిలబడతాడో, ఎక్కడ నీళ్ళు నములుతాడో నాకు కాగితం చూస్తేనే తెలుస్తుంది. రుమాలు ఉంటేనేం, లేకపోతేనేం? సారాంశం మారుతుందా?"

"ఆవిడ నీళ్ళు నమలలేదు సార్."

"మీరు స్టెనో అమ్మా. సాక్షి కాదు." నెమ్మదిగానే అన్నారు. తర్వాత, "మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కకండి, లిఫ్టు వాడండి."

తను ఏమన్నారో తనకే తట్టలేదు.

గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి, "ఈ నెల నోట్‌బుక్కులు రికార్డు రూముకి పంపేశారా?"

"పంపుతాను సార్."

రికార్డు రూముకి వెళ్ళిన నోట్‌బుక్కులు నెల తిరక్కుండా ముక్కలు చేసే మిషన్లోకి వెళ్తాయి.

జూలై 1

పదహారో నంబర్ నోట్‌బుక్ పంపాను. పద్దెనిమిది పంపాను. పదిహేడు ఇంట్లో ఉంది, దుప్పట్ల కింద.

ప్రతి డిక్టేషన్‌కీ పేజీ నెత్తిన తేదీ, టైము వేస్తాను. ఎవరూ వెయ్యమనరు. నాకు షార్ట్‌హ్యాండ్ నేర్పిన మాస్టారు వెయ్యకపోతే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవాడు. జూన్ 3, 4.15. కింద గీతలు. ‘తడబడింది’కి ఒక గీత, ‘రుమాలు’కి ఒక కొక్కెం.

జూలై 3, గురువారం

నకళ్ళ కౌంటర్ దగ్గర మెకానిక్ భార్య. తీర్పు నకలు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"మీరు అక్కడ టైపు కొట్టే మేడం కదండీ? కొంచెం చదివి పెడతారా? మా వకీలుగారు సాయంత్రం కానీ దొరకరట. ఆవిడ చెప్పింది ఎందుకు నమ్మలేదో రాశారా ఇందులో?"

చదివాను. నా వేళ్ళతో కొట్టిన పేరాని, నా నోటితో.

"రుమాలా?" అంది. "ఆవిడ దగ్గర రుమాలెక్కడిదండీ? బోను ఎక్కేముందు చెయ్యి తుడుచుకోడానికి నా చున్నీయే ఇచ్చాను."

"ఏదో పొరపాటున పడి ఉంటుంది."

"పొరపాటైతే సరిచేస్తారు కదండీ?"

"వకీలుగారిని అడగండి."

థాంక్సండీ అంది. నాకు. చెయ్యి పట్టుకుని మరీ.

జూలై 4

ఆ పేజీ జిరాక్స్ తీయించాను. మా కోర్టు ఎదురుగా ఉన్న షాపులో కాదు, మూడు వీధులవతల. పేరు రాయలేదు. డిఫెన్సు వకీలు ఆఫీసు అడ్రసు ఎడమచేత్తో రాశాను. పోస్టు డబ్బాలో వేసి వచ్చేశాను.

అయిపోయింది. నా వంతు నేను చేశాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

జూలై 8, మంగళవారం

డిఫెన్సు వకీలు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చాడు. ముసలాయన, దగ్గుతూ నవ్వుతాడు, నవ్వుతూ దగ్గుతాడు.

"మేడం, ఎవరో పుణ్యాత్ములు నాకో కాగితం పంపారు. సిరాలో పడ్డ చీమలు దాని మీద షికారు చేసినట్టుంది. తేదీ ఒక్కటే తెలుస్తోంది. ఇది మీ విద్యేమో చూస్తారా?"

నా పేజీ. నా ముందే.

ఎంత మొద్దుని! పాతికేళ్ళుగా ఆ గీతలు నాకు అచ్చక్షరాల్లా కనిపిస్తుంటే, లోకమంతా చదివేస్తుందనుకున్నాను. షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్ళే ఊళ్ళో పదిమంది. వాళ్ళలోనూ నా గీతలు చదవగలిగినవాళ్ళు లేరు. సగం గుర్తులు నేను కల్పించుకున్నవే. ఆ పేజీ నేను లేకుండా ఉత్త చీమలే.

"నాకు తెలీదండీ," అన్నాను.

ఆయన వెంటనే వెళ్ళలేదు. కాగితం మడుస్తూ, "అప్పీలు వేస్తున్నాంలెండి. ఇంకా ఇరవై రోజులే గడువు. కానీ లాభం తక్కువ. సాక్షి ముఖం చూసింది కింది జడ్జి, మేం చూడలేదు కదా అంటారు పైవాళ్ళు. ఆ పద్నాలుగో పేరా తాళం లాంటిది. ఎవరో తాళంచెవే పంపారనుకున్నాను నేను," అన్నాడు.

"మీరు చాంబర్‌కి వెళ్ళి అడగచ్చుగా?"

"రేపొద్దున ఆయన ముందే ఇంకో నలుగురి కోసం నిలబడాలమ్మా నేను. వాళ్ళనేం చేసుకోను?"

తెలిసిపోయింది ఆయనకి. తెలిసీ నా ముఖం వంక చూడకుండా వెళ్ళాడు. అది మర్యాదో, తిట్టో.

జూలై 9

నాకు తెలీదండీ. నాకు తెలీదండీ. నాకు తెలీదండీ.

జూలై 10

యూనియన్ సెక్రటరీ దగ్గరికెళ్ళాను. నేను రాసిన కరపత్రాలు పంచిపెట్టి పెద్దవాడైన మనిషి.

"జడ్జి మీద కాగితమా అక్కా? కోర్టు ధిక్కారమని నిన్నే లోపలేస్తారు. జీతాల గొడవుంటే చెప్పు, రేపే జెండా కడతాను."

"నేను దూషించడం లేదు తమ్ముడూ. ఏ రోజు రాశారని అడుగుతున్నాను."

"ఆ అడగడమే వాళ్ళకి దూషణ. అయినా ఫిర్యాదు పెడితే ఏమవుతుందో నీకు తెలీదా? పైకి వెళ్తుంది, పైనుంచి ‘దీనిపై మీ వివరణ ఏమిటి’ అని ఆయన దగ్గరికే వస్తుంది. ఆ వివరణ డిక్టేషన్ తీసుకునేది ఎవరు? నువ్వే!"

పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

జూలై 11, శుక్రవారం

క్యాలెండర్ వచ్చి చెవిలో, "పదిహేడో నంబర్ అడుగుతున్నారమ్మా. రెండుసార్లు అడిగారు. సోమవారంలోపు ఇచ్చెయ్. పోయిందని రాసిచ్చినా సరే, నేను సర్దేస్తాను."

"ఇవ్వకపోతే?"

"నీ తేదీ నేను చెప్పలేను," అన్నాడు. అతను అంత మెల్లగా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం భోజనాల గదిలో నా బల్ల దగ్గర ముగ్గురు కూర్చునేవాళ్ళు. ఇవాళ ముగ్గురికీ పనులున్నాయట. బాక్సు మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చేశాను.

జూలై 13, ఆదివారం

అక్కయ్యకి చెప్పాను, అంతా.

"ఉద్యోగం పోతే ఎలా బతుకుతావే?"

"తెలీదు."

"నీకేమన్నా అవుతాడా అతను?"

"ఎవరు?"

"ఆ మెకానిక్."

"ఏమీ కాడు."

"మరెందుకే?"

దానికి జవాబుగా మంచి వ్యాసమే చెప్పగలను. అధికారం, జవాబుదారీ, ప్రజలు. నోరు తెరిచాను కూడా. "జూన్ 3న ఆ పేరా చెప్తుంటే, ఇంకా సాక్షి రాలేదు కదా సార్ అని ఒక్కమాట అనుంటే ఆగేవారేమో అక్కా. నేను పేజీ తిప్పాను," అన్నాను.

దానికి అక్కయ్య, "ఫిర్యాదు రాసేటప్పుడు ఎప్పట్లా ఉపన్యాసం దంచకు. నీకు ఆ జబ్బుంది. ఏం కావాలో అది రాయి, చాలు," అంది.

నాలుగు పేజీలు రాశాను. చించేశాను. ఒక పేజీ మిగిలింది.

జూలై 14, సోమవారం

సెలవు పెట్టి పై కోర్టుకి వెళ్ళాను. కాగితం పోస్టులో వెయ్యలేదు. పేరు, హోదా రాసి, కుడిచేత్తో సంతకం పెట్టి, చేత్తోనే ఇచ్చాను. కౌంటర్లో అమ్మాయి మొదటి లైను చదివి నా ముఖం చూసింది. "తీసుకోమంటారా మేడం? ఇంకోసారి ఆలోచించుకుంటారా?" అంది. స్టాంపు వెయ్యమన్నాను. వేసింది. ఒక ప్రతి డిఫెన్సు వకీలు బల్ల మీద పెట్టి, ఆ చీమలు నావేనని చెప్పి వచ్చాను. దగ్గలేదు, నవ్వలేదు. కుర్చీ జరిపాడు.

కాగితంలో ఉన్నది ఇదీ:

1. లిఫ్టు కేసు తీర్పు పక్కనబెట్టి, వేరే జడ్జి ముందు మళ్ళీ విచారణ జరపాలి. అంతవరకు మెకానిక్‌ని ఇంటికి పంపాలి.

2. ఈ ఫిర్యాదుని ఆ జడ్జిగారికే పంపి, ఆయన వివరణతో మూసెయ్యకూడదు. ఆయనతో సంబంధం లేనివాళ్ళు, తలుపులు తీసి విచారించాలి.

3. పదిహేడో నంబర్ నోట్‌బుక్ నా దగ్గరుంది. తీసుకునేవాళ్ళు నా ఎదుట సీలు వేసి రసీదు ఇవ్వాలి.

4. అది నేనే చదువుతాను. ప్రమాణం చేసి, బోనులో నిలబడి. చాంబర్లో చదవను.

5. ఇకమీదట ప్రతి తీర్పు మీదా అది చెప్పడం మొదలుపెట్టిన తేదీ, గంట ఉండాలి. నోట్‌బుక్కులు అప్పీలు తేలేదాకా ముక్కలు చెయ్యకూడదు.

6. నెలకిన్ని కేసులు తేల్చాలనే లెక్క ఎత్తెయ్యాలి.

7. ఆ పేరా టైపు చేసి నలభై రోజులు ఊరుకున్నందుకు నన్నూ విచారించాలి.

8. స్టోర్ కీపరమ్మని మళ్ళీ పిలవాలి. కుర్చీ ఇవ్వాలి. ఆవిడ చెప్పడం అయ్యాకే రాయాలి.